గ్రౌండు కన్నా ముందు పేపరు

మిలిటరీలో చేరాలంటే ఒకప్పుడు ముందు కాళ్లలో సత్తువ చూసేవారు. ఇప్పుడు లెక్కలూ సైన్సూ చూశాకే గ్రౌండులోకి రానిస్తున్నారు. బంగారుపాళ్యం లాంటి ఊళ్లలో తెల్లవారుజామున పరుగు తీసే పిల్లలకు ఈ మార్పు అర్థమైందా? ఆరో తరగతి సైనిక్ స్కూల్ నుంచి ఎన్‌డీఏ దాకా ఈ పరీక్షల్లో ఏముంటుంది, ఎప్పుడు మొదలుపెట్టాలి?

1600 మీటర్లు. 5 నిమిషాల 30 సెకన్లు.

నాలుగేళ్ల సైనిక కొలువైన అగ్నివీర్‌లో చేరాలనుకునే ఏ కుర్రాణ్ని నిద్రలో లేపి అడిగినా ఈ రెండంకెలూ తడుముకోకుండా చెబుతాడు. ఆ సమయంలో పరుగు ముగిస్తే 60కి 60 మార్కులు. పది పుల్లప్స్ తీస్తే మరో 40. అదే కుర్రాణ్ని ఒక్క నిమిషం ఆపి, 'నాలుగొందల మీటర్ల ట్రాక్ మీద ఒక్కో చుట్టుకు ఎంత టైమ్ పడాలి? గంటకు ఎన్ని కిలోమీటర్ల స్పీడు?' అని అడిగితే జేబులోని ఫోన్ మీదికి చెయ్యి పోతుంది. నాలుగు చుట్లు గనక చుట్టుకు 82.5 సెకన్లు. వేగం గంటకు సుమారు 17.5 కిలోమీటర్లు. హైస్కూల్ పుస్తకంలో ఉండే లెక్కే ఇది. పరీక్ష హాల్లో దీనికి దొరికే సమయం నిమిషం పైన పన్నెండు సెకన్లు. అక్కడ ఫోనూ ఉండదు, క్యాలిక్యులేటరూ ఉండదు.

సైన్యం ఎంపిక పద్ధతి 2023లో తలకిందులైంది. అంతకుముందు ర్యాలీ అంటే ముందు పరుగు, ఆ తర్వాత మెడికల్, చివర్లో రాత పరీక్ష. గ్రౌండ్ కొట్టినవాడికి రాత పరీక్షకు సిద్ధమయ్యేందుకు కొన్ని వారాలు చేతిలో ఉండేవి. 2023 నుంచి మొదట ఆన్‌లైన్ రాత పరీక్ష పెడుతున్నారు. అదే సీఈఈ, అంటే కామన్ ఎంట్రన్స్ ఎగ్జామ్. అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ పిలుపు వస్తుంది. మండలంలో అందరికన్నా వేగంగా పరుగెత్తే కుర్రాడైనా సరే, పేపర్లో పోతే అతని పరుగు చూసేవాళ్లే ఉండరు.

'పరుగెత్తేది వస్తే చాల్లే, మిగతాది ఆడ నేర్పిస్తారు' అనే మాట టీ బంకుల దగ్గర ఇంకా వినపడుతూనే ఉంది. ఆ మాటకు 2023లోనే కాలం చెల్లింది.

మామిడి కోతా, పరీక్షా ఒకేసారి

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే హైవే మీద ఉంది బంగారుపాళ్యం. దాటితే మొగిలి, ఆ పైన ఘాట్. జూన్, జులై వచ్చాయంటే ఇక్కడి మార్కెట్‌లో తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతాయి. ధర ఉంటే ఇంట్లో పిల్లల ఫీజులు తేలిగ్గా వెళ్లిపోతాయి. లేకుంటే ఏడాదంతా సర్దుకోవాల్సిందే. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని సర్కారు ప్రకటించాల్సి వచ్చింది.

ఆ ఏడాదే అగ్నివీర్ రాత పరీక్ష జూన్ 30 నుంచి జులై 10 వరకు జరిగింది. తోటల్లో కాయ కోత జోరుగా సాగే రోజులవి. కోతకు మనిషి చాలని ఇంట్లో ఆ పది రోజులు పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఏ కుర్రాడికైనా కష్టమే. అందుకే ఈ ప్రాంతం పిల్లల ప్రిపరేషన్ సంక్రాంతికల్లా ఒక కొలిక్కి రావాలి. మామిడి పూత నాటికి సిలబస్ ఒకసారి పూర్తయితే, కోత నాటికి పాత పేపర్లు తిరగేసుకుంటే సరిపోతుంది.

మిలిటరీ ఉద్యోగం మీద ఇక్కడివాళ్లకున్న మోజుకు కారణాలు వెతకనక్కర్లేదు. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయల ప్యాకేజీ. అందులో 9,000 సేవానిధికి పోగా చేతికి 21,000 వస్తుంది. నాలుగో ఏడాదికి ప్యాకేజీ 40,000 అవుతుంది. నాలుగేళ్లు ముగిశాక ప్రభుత్వం జమచేసే వాటా, వడ్డీ కలిపి సుమారు 11.71 లక్షలు అందుతాయి. బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. ఆ నాలుగో వంతులో ఉంటామా, బయటికొచ్చే ముప్పావు వంతులో ఉంటామా అన్నది దరఖాస్తు చేసే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

డబ్బు ఒక్కటే కారణమూ కాదు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయిన లాన్స్ నాయక్ సాయితేజది ఉమ్మడి చిత్తూరు జిల్లా కురబలకోట మండలమే. 2025 మేలో సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలైన అగ్నివీర్ మురళీ నాయక్‌ది శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా. వాళ్ల అంతిమయాత్రలకు ఊళ్లకు ఊళ్లే కదిలాయి. ఆ జనంలో నిలబడ్డ పిల్లల్లో ఎంతమంది ఆ సాయంత్రమే సైన్యంలో చేరాలనుకున్నారో లెక్క తీయలేం.

ఏ పరీక్ష తీసుకున్నా సగం లెక్కలూ సైన్సే

సైన్యంలోకి దారులు చాలా ఉన్నాయి. వయసు వేరు, హోదా వేరు, జీతం వేరు. ప్రశ్నపత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

మొదటి మెట్టు సైనిక్ స్కూల్. ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు మొత్తం 300 మార్కులు. అందులో లెక్కలకే 150. మిగతా సగాన్ని ఇంటెలిజెన్స్, భాష, జనరల్ నాలెడ్జ్ తలా 50 చొప్పున పంచుకుంటాయి. తొమ్మిదో తరగతిలో చేరాలంటే 400 మార్కుల పరీక్ష రాయాలి. అందులో లెక్కలకు 200, జనరల్ సైన్స్‌కు 50. డెహ్రాడూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ 1922 నుంచి నడుస్తోంది. ఎనిమిదో తరగతిలో చేర్చుకునే ఆ కాలేజీ రాత పరీక్షలోనూ 400కి 200 లెక్కలవే.

తర్వాతిది అగ్నివీర్. జనరల్ డ్యూటీకి పదో తరగతి చాలు. మొత్తమ్మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులుండాలి. పరీక్ష గంటసేపు, 50 ప్రశ్నలు, 100 మార్కులు. ప్రశ్నల్లో సగానికి పైగా లెక్కలూ సైన్సూ నుంచే. టెక్నికల్ విభాగంలో భౌతిక, రసాయన శాస్త్రాల బరువు ఇంకా పెరుగుతుంది. వైమానిక దళం అగ్నివీర్‌వాయు సైన్స్ విభాగానికైతే ఇంటర్ స్థాయి ఇంగ్లీష్, ఫిజిక్స్, మ్యాథ్స్. మూడింటికీ కలిపి ఇచ్చేది 60 నిమిషాలు.

అన్నిటికన్నా పై మెట్టు ఎన్‌డీఏ, అంటే అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. దాని ప్రవేశ పరీక్షను ఏడాదికి రెండుసార్లు యూపీఎస్సీ నిర్వహిస్తుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల వయసువాళ్లు రాయొచ్చు. రాత పరీక్షకు 900 మార్కులు. మ్యాథ్స్ పేపర్ 300, జనరల్ ఎబిలిటీ పేపర్ 600. రెండో పేపర్లో ఫిజిక్స్‌కు సుమారు 100, కెమిస్ట్రీకి 60, జనరల్ సైన్స్‌కు 40 మార్కులు పోతాయి. వాటిని మ్యాథ్స్‌తో కలిపితే 500. అంటే ఆఫీసర్ కావాలనుకునే పిల్లల రాత మార్కుల్లో సగం కన్నా ఎక్కువ లెక్కలూ సైన్సులోనే ఉన్నాయి.

పదేళ్ల పిల్లవాడికైనా, పంతొమ్మిదేళ్ల యువతికైనా సైన్యం ముందుగా అడిగేది ఇదే. రాడార్, క్షిపణి, వైర్‌లెస్ సెట్, ఇంజిన్, మ్యాపు, ఫిరంగి... ఏ కొలువులో వేసినా కోణాలు, దూరాలు, నిష్పత్తులు తెలియకుండా రోజు గడవదు. ఫిరంగి దళంలో గుండు ఎక్కడ పడుతుందన్నది త్రికోణమితి లెక్కే.

కలికిరిలో తెలుగులోనే రాయొచ్చు

చిత్తూరు వైపు పిల్లలకు సైనిక్ స్కూల్ దూరాభారం కాదు. పీలేరు దాటితే కలికిరి. అక్కడి సైనిక్ స్కూల్ 2014లో మొదలైంది. అంతకుముందు రాష్ట్రంలో ఉన్నది విజయనగరం దగ్గరి కోరుకొండ ఒక్కటే. పూసపాటి వంశీకుల ప్యాలెస్‌లో 1962లో పెట్టిన ఆ బడి ఎందరో అధికారులను తయారుచేసింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండలో చదివి ఎన్‌డీఏకి వెళ్లినవారే. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఆరో తరగతి సైనిక్ స్కూల్ పరీక్షను తెలుగులో రాసే వీలుంది. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. ఇంగ్లీష్ రాదని పిల్లల్ని దరఖాస్తు దగ్గరే ఆపేస్తున్నారు. రుణాత్మక మార్కులు కూడా లేవు. సిలబస్ చూస్తే కసాగు, గసాభా, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, లాభనష్టాలు, సాధారణ వడ్డీ, సగటు, వైశాల్యం, చుట్టుకొలత, కోణాలు, వేగం-కాలం. నాలుగైదు తరగతుల లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లకు ఇందులో కొత్త పాఠాలు కొద్దిగానే ఉంటాయి. ముఖ్యంగా అలవాటు కావాల్సినది వేగం. లెక్కలు, భాష, జీకే, ఇంటెలిజెన్స్ కలిపి 125 ప్రశ్నలు. చేతిలో ఉండేవి 150 నిమిషాలు.

తొమ్మిదో తరగతి ప్రవేశానికి వచ్చేసరికి పేపర్ ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లవాడికి ఆరో తరగతి తలుపు వెడల్పుగా తెరిచి ఉంటే, తొమ్మిదో తరగతిది సగమే తెరుచుకుంటుందన్న మాట. సైనిక్ స్కూల్ అనుకున్నవాళ్లు నాలుగో తరగతి నుంచే ఆలోచించాలనడానికి ఇదే కారణం.

నిమిషం పావు, ఒక లెక్క

ఎన్‌డీఏ మ్యాథ్స్ పేపర్ పేరు చెబితేనే ఇంటర్ పిల్లలు తల పట్టుకుంటారు. సిలబస్ ముందేసుకుంటే ఆ భయంలో సగం పోతుంది. మాత్రికలు, నిర్ధారకాలు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు, ప్రస్తారాలు-సంయోగాలు, ద్విపద సిద్ధాంతం, సరళరేఖలు, వృత్తాలు, త్రిపరిమాణ జ్యామితి, అవకలనం, సమాకలనం, సదిశలు, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపీసీ చదివిన వాళ్లకు ఇవన్నీ రెండేళ్లలో ఎదురైన పాఠాలే. ఇంటర్‌లో పెద్దగా కనపడని ద్విసంఖ్యామానం లాంటివి ఒకటి రెండుంటాయి. 45ని ద్విసంఖ్యామానంలో రాయమంటే 101101 అని చెప్పడానికి ఒక పూట సాధన చాలు. 2025-26 నుంచి ఇంటర్ మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ రావడంతో రెంటికీ మధ్య ఉన్న తేడా ఇంకా తగ్గింది.

కష్టమల్లా టైమ్‌తోనే. 120 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు నిమిషం పావు. ఇంటర్ బోర్డు పరీక్షలో పెద్ద ప్రశ్నకు పేజీన్నర రాసి, దత్తాంశం నుంచి సాధ్యం దాకా మెట్టు మెట్టుగా చూపించిన పిల్లలకు ఇక్కడ ఆ అలవాటే అడ్డం పడుతుంది.

ఈ తరహా ప్రశ్న ఒకటి చూద్దాం. 'లాగ్ 2 విలువ 0.3010 అయితే, 2 ఘాతం 50లో ఎన్ని అంకెలుంటాయి?' రెండును యాభై సార్లు గుణించబోయినవాడు అక్కడే ఆగిపోతాడు. సంవర్గమానం తెలిసినవాడు 50ని 0.3010తో గుణిస్తాడు. 15.05 వస్తుంది. పూర్ణాంక భాగానికి ఒకటి కలిపితే 16 అంకెలు. ఇరవై సెకన్లలో అయిపోయింది. మిగిలిన 55 సెకన్లు తర్వాతి ప్రశ్నకు అప్పుగా దొరికినట్టే.

ఫిజిక్స్‌లోనూ అంతే. 'లిఫ్టు 2 మీ/సె² త్వరణంతో కిందికి దిగుతుంటే, అందులో నిలబడ్డ 60 కిలోల మనిషి తూకం యంత్రం మీద ఎంత బలం చూపిస్తాడు?' గురుత్వ త్వరణం 10 అనుకుంటే అందులోంచి 2 తీసేసి 60తో గుణించాలి. 480 న్యూటన్లు. సూత్రం బట్టీ పట్టినవాడికి లిఫ్టు పైకి వెళ్తే కలపాలా, కిందికి దిగితే తీసేయాలా అన్నది పరీక్ష హాల్లో గుర్తుకు రాదు. లిఫ్టు దిగడం మొదలైనప్పుడు ఒళ్లు తేలికైనట్టు ఎందుకనిపిస్తుందో ఒకసారి ఆలోచించినవాడు మరచిపోమన్నా మరచిపోడు.

అగ్నివీర్ జనరల్ డ్యూటీ ప్రశ్నలు ఇంతకన్నా చాలా తేలిక. '150 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో 300 మీటర్ల వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుంది?' 54ని సెకనుకు మీటర్లలోకి మారిస్తే 15. రైలు పొడవూ వంతెన పొడవూ కలిపితే 450. జవాబు 30 సెకన్లు. రైలు పొడవు కలపడం మరిచిపోయినవాడికి 20 వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఆ 20ని కూడా ఆప్షన్లలో ఒకటిగా పెట్టే ఉంచుతారు. సైన్స్‌లో అయితే సున్నపు తేటలోకి గాలి ఊదితే ఎందుకు తెల్లబడుతుంది, చిగుళ్ల నుంచి రక్తం కారితే ఏ విటమిన్ లోపం, కుంభాకార కటకం ఏ దృష్టిదోషానికి వాడతారు లాంటివి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పాఠ్యపుస్తకాలు దాటి పోవు.

గుడ్డిగా పెడితే ఏమొస్తుంది?

తప్పు జవాబుకు మార్కు కోత ఉందంటే పిల్లలు రెండు రకాలుగా తయారవుతారు. ఒకడు భయపడి సగం పేపర్ ఖాళీగా వదిలేస్తాడు. ఇంకొకడు 'పోయేదేముందిలే' అని అన్నీ నింపేస్తాడు. ఇద్దరిదీ పొరపాటే. ఎందుకో సంభావ్యత పాఠమే చెబుతుంది.

ఎన్‌డీఏ మ్యాథ్స్‌లో ఒప్పు జవాబుకు రెండున్నర మార్కులు, తప్పుకు 0.83 కోత. నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి గుడ్డిగా పెడుతూ పోతే నాలుగింటిలో ఒకటి ఒప్పవుతుంది, మూడు తప్పవుతాయి. వచ్చేది రెండున్నర, పోయేదీ దాదాపు రెండున్నరే. నికరంగా సున్నా. శ్రమ దండగ. అదే ఒక ఆప్షన్ తప్పని కచ్చితంగా తెలిసి మిగిలిన మూడింటిలో ఊహించి పెడితే, మూడు ప్రశ్నలకు సగటున ముప్పావు మార్కు పైనే మిగులుతుంది. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఇక వదలకూడదు. అగ్నివీర్ జనరల్ డ్యూటీలో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అక్కడ కోత నాలుగో వంతే గనక గుడ్డిగా పెట్టినా సగటున కొద్దిగా మిగులుతుంది.

ఇంకో సంగతీ ధైర్యాన్నిస్తుంది. ఇటీవలి కొన్నేళ్లలో ఎన్‌డీఏ రాత పరీక్ష కటాఫ్ 900కి సుమారు 290 నుంచి 360 మధ్య ఊగుతోంది. మూడో వంతు, మహా అయితే రెండున్నర వంతుల్లో ఒకటి. ఒక్కో సబ్జెక్టులో కనీస శాతం దాటాలి గనక లెక్కలు పూర్తిగా వదిలేసి జీకేతో గట్టెక్కుదామంటే కుదరదు. అలాగని అన్ని లెక్కలూ రావాల్సిన పనీ లేదు. 120లో 50 ప్రశ్నలు తప్పుల్లేకుండా చేస్తే 125 మార్కులు. 90 చేసి 45 తప్పులు పెట్టినవాడికి వచ్చేది అంతకన్నా తక్కువే.

రాతలో నెగ్గినవాళ్లను ఎస్ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు పిలుస్తారు. అదో 900 మార్కులు. ఐదు రోజుల తతంగం. సైన్యం ఎంపిక కేంద్రాల్లో ఒకటి బెంగళూరులో ఉంది. బంగారుపాళ్యం కుర్రాడికి అది తన ఊరి హైవే చివర ఉన్న నగరమే.

ఏ భాషలో అడుగుతారు?

సైన్యంలో చేరేవాళ్ల తెలివిని పెద్దఎత్తున కొలిచే పని అమెరికాలో 1917లో, మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో మొదలైంది. మనస్తత్వవేత్త రాబర్ట్ యెర్క్స్ బృందం రెండు పరీక్షలు తయారుచేసింది. ఇంగ్లీష్ చదవగలిగేవాళ్లకు ఆర్మీ ఆల్ఫా. చదవలేనివాళ్లకూ, ఇంగ్లీష్ రాని వలసదారులకూ బొమ్మలతో ఆర్మీ బీటా. 17 లక్షలకు పైగా సైనికులు వాటిని రాశారు. అంక గణితం వచ్చా అని అడగడం వేరు, ఆ ప్రశ్న ఇంగ్లీష్‌లో అర్థమైందా అని అడగడం వేరు అని వందేళ్ల కిందటే ఆ సైన్యానికి తట్టింది. ఇప్పుడు అక్కడ రాయించే ఏఎస్‌వీఏబీ పరీక్షలోనూ అంకగణితం, గణితం, జనరల్ సైన్స్ విభాగాలున్నాయి. 

మన దగ్గర ఆ ఆలోచన 2025లో ఒక అడుగు ముందుకు పడింది. అగ్నివీర్ రాత పరీక్షను ఆ ఏడాది 13 భాషల్లో పెట్టారు. అందులో తెలుగు ఒకటి. పదో తరగతి దాకా తెలుగులో చదివి, 'ఫ్రిక్షన్' అంటే తెల్లమొహం వేసి 'ఘర్షణ' అనగానే జవాబు చెప్పే పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

ఎన్‌డీఏ దగ్గరికి వస్తే ఆ తలుపు ఇంకా మూసే ఉంది. ప్రశ్నపత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది. అగ్నివీర్‌వాయు కూడా అంతే. జవానుగా చేరడానికి తెలుగు చాలు, అధికారిగా చేరడానికి చాలదు అన్నట్టుంది పరిస్థితి. గణితానికీ భౌతిక శాస్త్రానికీ భాషతో పని లేదని ఎంత వాదించినా, హిందీ రాష్ట్రం కుర్రాడు తన భాషలో చదువుకుంటుంటే చిత్తూరు కుర్రాడు తనది కాని భాషలో చదువుకుంటున్నాడు. నిమిషం పావులో పది సెకన్లు అర్థం చేసుకోవడానికే పోతే 120 ప్రశ్నలకు 20 నిమిషాలు చేజారినట్టే. అగ్నివీర్‌కు కుదిరిన 13 భాషలు ఎన్‌డీఏకు ఎందుకు కుదరవని మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్న.

అది తేలేలోపు చేతిలో ఉన్న ఉపాయం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీష్. ఎనిమిదో తరగతి భౌతిక శాస్త్రం పుస్తకం తెరిస్తే ఒక కన్ను ఘర్షణనూ, ఇంకో కన్ను ఫ్రిక్షన్‌నూ ఒకేసారి చూస్తాయి. పోటీ పరీక్షల కోసం వేలు పోసి కొనే గైడుల్లో ఈ సదుపాయం అరుదు. బరువైపోయాయని అటక మీద పడేసిన ఆ పుస్తకాలే ఎన్‌డీఏ ఇంగ్లీష్ పదజాలానికి తొలి నిఘంటువు.

గైడు కన్నా పాఠ్యపుస్తకం

ప్రిపరేషన్ అనగానే మన పిల్లలు చేసే మొదటి పని బజార్లో లావుపాటి గైడు కొనడం. రెండోది యూట్యూబ్‌లో 'షార్ట్‌కట్ ట్రిక్స్' వీడియోలు చూడడం. పునాది ఉన్నవాడికి షార్ట్‌కట్ పనికొస్తుంది. లేనివాడికి ప్రశ్నలో ఒక్క మాట మారగానే ట్రిక్కు చేతులెత్తేస్తుంది.

అగ్నివీర్ అనుకున్నవాళ్లు ఆరు నుంచి పది దాకా లెక్కల పుస్తకాలు వరుసగా తిరగేయాలి. రోజుకు ఒక అధ్యాయం నుంచి ఇరవై లెక్కలు, కాగితం మీదే. ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు, పదిహేను దాకా ఘనాలు నోటికి రావాలి. పాత తరం పంతుళ్లు బెత్తం పట్టుకుని చెప్పించిన ఎక్కాలు ఈ కంప్యూటర్ పరీక్షలో ఒక్కో ప్రశ్నకు పదేసి సెకన్లు ఆదా చేస్తాయి.

ఎన్‌డీఏ అనుకున్నవాళ్లకు ఇంటర్ మొదటి ఏడాదే అసలు సమయం. రెండో ఏడాది చివర్లో మొదలుపెడితే బోర్డు పరీక్షలు, ఈఏపీసెట్, జేఈఈ, ఎన్‌డీఏ నాలుగూ ఒకదాని మీద ఒకటి పడతాయి. జేఈఈకి చదివేవాళ్లకు ఇంకో లాభముంది. సైన్యంలో 10+2 టెక్నికల్ ఎంట్రీకి రాత పరీక్ష లేదు. ఎంపీసీలో 60 శాతం మార్కులుండి జేఈఈ మెయిన్ రాసి ఉంటే ఎస్ఎస్‌బీకి దరఖాస్తు చేసుకోవచ్చు. నౌకాదళం 10+2 బీటెక్ ప్రవేశానికీ జేఈఈ మెయిన్ ర్యాంకే ఆధారం. ఐఐటీ రాలేదని కుంగిపోయే ఇళ్లలో ఈ రెండు దారుల పేర్లు కూడా వినపడవు.

పరుగునూ చదువునూ వేరు చేయకూడదు. పొద్దున పరుగు, స్నానం, టిఫిన్ అయ్యాక మెదడు చురుగ్గా ఉంటుంది. కష్టమైన లెక్కలకు అదే సమయం. సాయంత్రం సైన్స్, రాత్రి జీకే. వారానికోసారి గడియారం పెట్టుకుని పాత పేపర్ ఒకటి పూర్తిగా రాసి, తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించుకోవాలి. ఏ అధ్యాయంలో ఎక్కువ తప్పులు పోతున్నాయో ఆ నోట్‌బుక్కే చెబుతుంది. బడిలోనో కాలేజీలోనో ఎన్‌సీసీ ఉంటే చేరడం మేలు. ఆ సర్టిఫికెట్లకు సైన్యం ఎంపికలో అదనపు ప్రయోజనం ఉంది.

అమ్మాయిలకూ అదే పేపరు

ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు తెరుచుకోవడానికి సుప్రీంకోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. 2021 ఆగస్టులో ఆ ఉత్తర్వు, నవంబర్‌లో వాళ్లకు తొలి పరీక్ష. 2022లో ఎన్‌డీఏ ఉన్న ఖడక్‌వాస్లాలో తొలి బ్యాచ్ అడుగుపెట్టింది. 2025 మే 30న 17 మంది యువతులు పాసింగ్ అవుట్ పరేడ్‌లో నడిచారు. సైనిక్ స్కూళ్లన్నిటిలోనూ 2021-22 నుంచి అమ్మాయిలకు ప్రవేశం ఉంది. కలికిరి కూడా అందులో ఉంది. పరుగు, ఎత్తు కొలతల్లో అమ్మాయిలకు ప్రమాణాలు వేరు. లెక్కల పేపర్ మాత్రం ఒక్కటే. మన జిల్లాలో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు అమ్మాయిల మార్కులు చూసి మురిసిపోయే తల్లిదండ్రులు ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ దరఖాస్తు గురించి కూడా ఒక్కసారి ఆలోచించాలి. అమ్మాయిలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆ పరీక్షకు ఫీజు లేదు. మిగతావాళ్లలో చాలామందికి వంద రూపాయలే.

దళారి మాట నమ్మొద్దు

రాత పరీక్ష ముందుకొచ్చాక దళారుల బేరాలూ మారాయి. ఒకప్పుడు మెడికల్‌లో పాస్ చేయిస్తామనేవారు, ఇప్పుడు పేపర్ ఇప్పిస్తామంటున్నారు. సైన్యంలో ఏ ఉద్యోగానికీ దరఖాస్తు రుసుము తప్ప రూపాయి కట్టనక్కర్లేదు. చిత్తూరు జిల్లా అగ్నివీర్ నియామకాలు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు చూస్తుంది. దరఖాస్తు, హాల్ టికెట్, ఫలితం అన్నీ సైన్యం వెబ్‌సైట్‌లోనే. అకాడమీలో చేరేటప్పుడు కూడా ఫీజు కట్టే ముందు రెండు విషయాలు అడగాలి. లెక్కలు, సైన్స్ చెప్పే అధ్యాపకులు ఎవరు? వారానికి ఎన్ని పరీక్షలు పెడతారు? మైదానం ఒక్కటే చూపించి ఫీజు అడిగే చోట చేరడం దండగ.

ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లవాడో, ఇంటర్ అమ్మాయో మిలిటరీ మాట ఎత్తితే ఈ ఆదివారమే ఒక పని చేయండి. యూపీఎస్సీ తన పాత ప్రశ్నపత్రాలను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలూ ఆన్‌లైన్‌లో ఉచితమే. ఇంటర్ చదివేవాళ్లకు ఎన్‌డీఏ మ్యాథ్స్ పేపర్ ఒకటి, హైస్కూల్ పిల్లలకు వాళ్ల స్థాయి నమూనా పేపర్ ఒకటి మండల కేంద్రంలో ప్రింట్ తీయించండి. ఫోన్ మీ దగ్గర పెట్టుకుని, గడియారం ఎదురుగా ఉంచి రాయించండి. ఏ లెక్క దగ్గర ఆగిపోయారో చూసి, సోమవారం బడి తెరవగానే ఆ కాగితంతో లెక్కల మాస్టారిని కలవండి.